పైన్ సీసా మీద తైలం అన్న మాట

పుదుచ్చేరి తట్టాంచావడిలో చిన్న చిన్న ఫ్యాక్టరీల మధ్య ఒక సుగంధ నూనెల కంపెనీ ఉంది. పేరు చెప్పను. అందులో సరుకు పరీక్ష చేసే కెమిస్టుగా చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరయ్యాను. నా పేరు కె. వసంత. కంపెనీలో తోటివాళ్ళెవరూ ఉత్త ఆ పేరుతో పిలవలేదు. మొదట్లో ‘అనుమానం వసంత’ అన్నారు, వయసు మీద పడ్డాక మర్యాదకు ‘అనుమానం అక్క’ చేశారు.

కెమిస్ట్రీ చదివిన పిల్లలు కొందరు ఈమధ్య ఇదే పనిలో చేరుతూ, ఏమైనా చెప్పండి మేడమ్ అని నా దగ్గరికి వస్తున్నారు. కాలేజీలో నేర్పిన యంత్రాల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. యంత్రం చెప్పని సంగతులు రాస్తాను. మా కుటుంబం తాతల కాలం నుంచి ముత్తియాల్‌పేటలో ఉంటోంది. ఇంట్లో మాట తెలుగే గానీ చదువూ రాతా అరవంలోనే. మా వీధిలో కాపురమున్న యానాం టీచరమ్మ పుణ్యాన నాకు మాత్రం తెలుగు అక్షరాలు వచ్చాయి. అందుకని ఇది తెలుగులో రాస్తున్నాను. మా ఇంట్లో ఎవరూ చదవలేరన్న ధైర్యం కూడా కొంత ఉంది.

నూనె కాని నూనె

మొదట ఒకటి తేల్చుకోండి. సుగంధ నూనె అంటారు గానీ అది నూనె కాదు. నువ్వుల నూనె చుక్క కాగితం మీద వేస్తే మరక అలాగే ఉండిపోతుంది. పైన్ ఆకు నుంచి తీసిన చుక్క వేసి చూడండి, సాయంత్రానికి ఎగిరిపోతుంది. కొండల మీద పెరిగే ఆ చెట్ల సూదుల్లాంటి ఆకులకు ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లబరిస్తే నీళ్ళ మీద తేలే పలచటి ద్రవం అది. గంపలకు గంపలు ఆకు పోస్తే గుక్కెడు వస్తుంది. అంత ఘాటు సరుకు, అంత తక్కువ సరుకు. తక్కువగా దొరికేదాని చుట్టూ దొంగలు ఎక్కువగా తిరుగుతారు.

పైన్ విషయంలో దొంగకు పని మరీ తేలిక. అదే చెట్టు బంక నుంచి టర్పెంటైన్ వస్తుంది. గోడలకూ తలుపులకూ రంగులేసేవాళ్ళ దగ్గర ఉండేది అదే. ఒకే ఇంటి అన్నదమ్ములు కాబట్టి ఒకడి చొక్కా ఇంకొకడికి సరిపోతుంది. ఆకు నూనెలో టర్పెంటైన్ కలిపితే చూడ్డానికి తేడా ఉండదు. మొదటి వాసనకు కూడా ఉండదు.

నా మొదటి పై అధికారి ముసలాయన, చండశాసనుడు. నేను చేరిన రోజే నా జడ వంక చూసి, “ఆ మల్లెపూలు తీసి బయట పెట్టి రా” అన్నాడు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా పనిరోజున తలలో పూలు పెట్టుకోలేదు. పుదుచ్చేరిలో పెళ్ళికావలసిన ఆడపిల్ల తలలో పూలు లేకుండా బయటికి పోవడమేంటని మా అమ్మ పోయేదాకా నన్ను తిట్టింది. ఆయన నేర్పిన విద్య మాత్రం ఒకటే. కాగితపు పట్టీని నూనెలో ముంచి వాసన చూడు, ఏమీ అనకు. అన్నం తిని వచ్చి చూడు, ఏమీ అనకు. మర్నాడు పొద్దున వచ్చి చూడు, అప్పుడు నోరు తెరువు. అసలు సరుకు మెల్లగా మారుతూ పోతుంది. కల్తీ సరుకు కాసేపు కొండంత రాగం తీసి ఒక్కసారిగా చతికిలబడుతుంది. మనుషుల్లో కూడా ఈ పరీక్ష పనికొస్తుంది, కానీ ఆ సంగతులు ఇక్కడ రాయను.

మన తీరం పైన్

ఒకసారి ఒకాయన క్యాను పట్టుకుని వచ్చాడు. ఇక్కడి సముద్రపు ఒడ్డు తోపుల్లోనే తీసిన పైన్ నూనె అన్నాడు. అప్పటికే మా యజమాని గదిలో కాఫీ తాగి, ఆయన్ని మెప్పించి, నా దగ్గరికి దిగాడు. యజమానిని మేమంతా ముదలాళి అంటాం, అరవంలో ఆ మాటే వాడుక. ఆయన పేరు రంగనాథం. శతాబ్దాల నుంచి ఈ చుట్టుపక్కల సేద్యం చేసుకున్న తెలుగు ఇంటివాడే. చెడ్డవాడు కాదు. మనిషికి నమ్మకం ఎక్కువ, అదే ఆయన జబ్బు. ‘మన తీరం పైన్’ అని పేరు కూడా అప్పుడే ఆలోచించి పెట్టుకున్నారు.

“చెట్టు ఏంది?” అని అడిగాను క్యాను తెచ్చినాయన్ని.

“సవుక్కు గదమ్మా. కిస్మస్‌కి అందురూ కొమ్మ నరికి ఇంట్లో పెట్టేదే. ఆకు జూడండి, సూది మాదిరి లేదా?”

“సూది మాదిరి ఉంటే పైన్ అయిపోతాదా? మా ఇంట్లో కుట్టుమిషన్‌కి కూడా సూది ఉండాది.”

సవుక్కు అంటే సరుగుడు చెట్టు. చూడ్డానికి పైన్ చుట్టంలా ఉంటుంది గానీ ఏ చుట్టరికమూ లేదు. అది పూలు పూసే జాతి. దాని కొమ్మలు గుంజలకూ పొయ్యికీ పనికొస్తాయి. ఎంత ఆవిరి పట్టినా మీకు నీళ్ళే మిగులుతాయి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు క్రిస్మస్ చెట్టంటే సవుక్కు కొమ్మే కాబట్టి ఈ పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. జరగాలనే ఆయన కూడా వచ్చాడు.

“నూనె దించే బట్టీ యాడ ఉండాది? పదండి, జూసి వస్తాం,” అన్నాను.

“ఈ వారం అక్కడ వాన నీళ్ళు నిలిచినాయి అమ్మా...”

“పరవాలే, నాకు చెప్పుల్లేకుండా నడవడం వచ్చు.”

క్యాను అక్కడే వదిలి ముదలాళితో సంతకం పెట్టించుకుని వస్తానన్న మనిషి మళ్ళీ కనపడలేదు. పరీక్ష చేస్తే అందులో ఉన్నది టర్పెంటైను, కాస్త అత్తరు వాసన. ముదలాళి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మోసపోబోయినందుకు కాదు, అంత మంచి పేరు వృథా అయినందుకు. పేరు మీద ఆయనకుండే ఈ మోజును అప్పుడే గుర్తుపెట్టుకోవలసింది.

మంచిదే, కానీ

ఇంత అనుమానం ఉన్నదానివి, అసలు ఈ నూనెల్లో గుణం ఉందా లేదా అని మీరు అడుగుతారు. ఉంది. గదిలో నీళ్ళ గిన్నె మీద రెండు చుక్కల పైన్ వేసి వెచ్చబెడితే గాలి తేలికైనట్టు అనిపిస్తుంది. ముక్కు దిబ్బడ వదిలినట్టు కూడా అనిపిస్తుంది. అనిపిస్తుంది అని ఎందుకు రాస్తున్నానో గమనించండి. ముక్కు నిజంగా తెరుచుకోవడం వేరు, తెరుచుకున్నట్టు ఉండడం వేరు. రెండోది కూడా సుఖమే, కాదనను. అలసిన మనిషికి ఆ వాసన హాయి. నువ్వుల నూనెలోనో కొబ్బరి నూనెలోనో కొద్దిగా కలిపి మర్దన చేస్తే పట్టేసిన భుజాలకు బాగుంటుంది. ఆ బాగు నూనెదా, మర్దన చేసిన చేతిదా అని నన్ను అడిగితే సగం సగం అంటాను.

ఫ్రెంచి వీధుల వైపు మసాజ్ గది నడిపే ఒకావిడ మా దగ్గర సైప్రస్, దేవదారు, పైన్ నూనెలు కొనేది. ఆవిడ మీద నాకు గౌరవం. వచ్చినవాళ్ళను ముందు ప్రశ్నలు అడిగేది. ఉబ్బసం ఉందా, కడుపుతో ఉన్నారా, చర్మం మండుతుందా అని. కొందరిని ఏమీ రాయకుండానే పంపేసేది. తెరిచి చాలాకాలమైన సీసా కూడా వాడేది కాదు, పాతబడిన పైన్ ఒంటికి మంట పుట్టిస్తుందని ఆవిడకు తెలుసు. నూనె వాడేవాళ్ళు అలా ఉండాలి.

మిగతావాళ్ళు? అబ్బబ్బా! కీళ్ళనొప్పి, షుగరు, నిద్ర, జుట్టు, దిష్టి, మొగుడి కోపం, అన్నీ ఒకే సీసాతో పోతాయని అమ్మేవాళ్ళను చూశాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఒకే మందు అన్నిటికీ పనిచేస్తుందన్నవాడి దగ్గర నిలబడకండి, చెప్పులు వేసుకుని వచ్చేయండి. ఈ చుక్కలు కడుపులోకి తీసుకోమని చెప్పేవాడు కనిపిస్తే చెప్పులు చేతిలోకి తీసుకున్నా తప్పులేదు.

బయట ఉండే మాట

నేను రిటైరవడానికి కొద్దికాలం ముందు ముదలాళి వానాకాలం కోసం కొత్త సరుకు తలపెట్టారు. పైన్ ఆకు నూనె, చిన్న సీసాల్లో, ఇళ్ళల్లో వాడుకకు. సరుకు హిమాచల్ వైపు నుంచి వచ్చింది. మూడు రోజులు పట్టీ వాసన చూశాను, యంత్రంలో పెట్టాను, చీకాకు పుట్టేంత శుభ్రంగా ఉంది. కల్తీ దొరకనప్పుడు నాకు కొంచెం చీకాకే.

అప్పుడు లేబుల్ నమూనా వచ్చింది. మీద పెద్ద అరవ అక్షరాల్లో ‘పైన్ తైలం’. వెనక చీమ తలకాయంత ఇంగ్లీషులో, వేరే నూనెలో కలిపి వాడండి, పిల్లలకు దూరంగా ఉంచండి అని.

నేను నేరుగా ముదలాళి గదికి పోయాను. అమ్మకాలు చూసే ప్రభాకర్ అక్కడే ఉన్నాడు. చెన్నైలో చదివొచ్చిన కుర్రాడు, తెలివైనవాడే.

“తైలం అన్న మాట తీసేయండి సార్,” అన్నాను.

“ఎసెన్షియల్ ఆయిల్ అని పెడితే టూరిస్టులే కొంటారు మేడమ్,” అన్నాడు ప్రభాకర్. “తైలం అంటే ప్రతి ఇంట్లోకీ పోతుంది. అది ట్రస్ట్ ఉండే మాట.”

“అదే గదా నా భయం. మీ ఇంట్లో తైలం ఉంటే మీ అమ్మ ఏం చేస్తారు?”

“రాస్తుంది. ఛాతీకి, వీపుకి.”

“దేంట్లో కలిపి?”

“తైలంలో ఏం కలుపుతారు మేడమ్?” అని నవ్వాడు.

“ఇప్పుడు మీ నోటితోనే చెప్పినారు గదా.”

అతనికి అర్థం కాలేదు. పుదుచ్చేరిలో గానీ దాని చుట్టూ గానీ తైలం అన్న మాటకు ఒకటే అర్థం. అరచేతిలో పోసుకుని ఒంటికి రాసేది. మన అవ్వలు కాచిన తైలాలన్నీ నువ్వుల నూనెలో మూలికలు వేసి కాచినవి. అలాంటివి అలాగే రాస్తారు, ఏమీ కాదు. పైన్ సీసాలో ఉన్నది అది కాదు. మాట ఒకటి, లోపల సరుకు ఇంకొకటి. ఇది కూడా కల్తీయే అని నాకు అనిపించింది, కానీ ఏ యంత్రంలో పెట్టి చూపించాలి?

ముదలాళి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఏమ్మా వసంతా, నీ పని లోపల ఉండే నూనె. బయట ఉండే మాట మాది. నూనెలో ఏమన్నా ఉంటే చెప్పు.”

నూనెలో ఏమీ లేదు. నోరు మూసుకుని వచ్చేశాను. మింగలేక కక్కలేక అంటారే, ఆ వారమంతా అలా ఉంది.

గోరిమేడు ఆసుపత్రిలో

దీపావళికి సిబ్బంది అందరికీ మిఠాయి డబ్బాతో పాటు ఆ కొత్త సీసా ఒకటి ఇచ్చారు. బజారులోకి ఇంకా వెళ్ళలేదు. మా ఇంటి పైవాటాలో మా అన్న భార్య పద్మావతి వదిన ఉంటుంది. అన్న పోయాక మేమిద్దరమే ఒకరికొకరం. ఆవిడకు తలనొప్పి అలవాటు. సీసా ఆవిడకిచ్చి, “గుడ్డ మీద ఒక చుక్క వేసి దిండు పక్కన పెట్టుకో వదినా, అంతే,” అన్నాను. సరే అంది.

అప్పుడు వదిన కూతురు సుమతి పురిటికి వచ్చి ఇంట్లోనే ఉంది. పాప పేరు నిత్య. ఇంకా బోర్లా పడడం కూడా రాలేదు. వానలు పట్టుకున్నాయి, పాపకు ముక్కు బిగుసుకుపోయి పాలు తాగలేక ఏడుస్తోంది.

ఒక మధ్యాహ్నం ల్యాబులో ఉండగా సుమతి ఫోను. “అత్తా, పాప ఊపిరి తీసుకోలేకపోతాంది. నీలంగా అయిపోతాంది. గోరిమేడుకు పోతాండాం, ఆటోలో ఉండాం.”

గోరిమేడు పెద్దాసుపత్రి మా తట్టాంచావడికి దగ్గరే. వానలో ఆటో దొరికి నేను పోయేసరికి వాళ్ళు ముందే చేరారు. అత్యవసర విభాగం బయట జనం, తడి గొడుగులు, డెట్టాలు వాసన. వాటన్నిటినీ చీల్చుకుని ఒక వాసన నా ముక్కుకు తగిలింది. ఆ వాసన నాకు తెలుసు. మూడు రోజులు పట్టీ మీద చూసి పాస్ చేసిన వాసన అది. పాపను చూడకముందే, ఏం జరిగిందో నా ముక్కుకు తెలిసిపోయింది.

లోపల చిన్న వయసు డాక్టరమ్మ వదినను అడుగుతోంది, “ఏం రాశారమ్మా?”

“తైలం.”

“ఏం తైలం?”

“తైలమేనమ్మా, సళికి రాసేది. మాడుకు, ఛాతీకి, ముక్కు కింద కొంచెం.”

మా వైపు సళి అంటే జలుబు. నేను తోసుకుపోయి అది ఏమిటో, ఎంత ఘాటో డాక్టరమ్మకు ఒక్క గుక్కలో చెప్పాను. ఆవిడ వెంటనే పాప ఒళ్ళు తుడిపించి, ఆక్సిజన్ గొట్టం సరిచేసింది. పసిబిడ్డల ముక్కు దగ్గర ఇలాంటి ఘాటు పెడితే గొంతు బిగుసుకుపోతుందని చెప్పింది. పాప ఛాతీ మీద అరచేయంత ఎర్రటి మచ్చ. వదిన చేయి ఎంతో ఆ మచ్చ అంత. అది చూడలేకపోయాను.

పొద్దు వాలేదాకా గది బయటే ఉన్నాం. సుమతి గోడకు తల ఆనించి కూర్చుంది. వదిన చీర కొంగుతో తన చేతులను తుడుచుకుంటూనే ఉంది, తుడిచిన చేతులనే మళ్ళీ తుడుచుకుంటోంది. చివరకు పాప ఊపిరి కుదురుకుంది, ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే నాకూ ఏడుపొచ్చింది. రెండు రోజులు అక్కడే ఉంచుకుని చూసి పంపారు.

వదిన ఆ రోజు నాతో ఒకే మాట అంది. “నీ బుడ్డి గదా వసంతా. నువ్వు జూసి ఇచ్చిన బుడ్డి గదా.”

దొరకని కల్తీ

పాప ఇంటికి వచ్చిన మర్నాడు వదిన దగ్గర ఆ సీసా అడిగి తీసుకుని కంపెనీకి పోయాను. నా మనసులో ఉన్నది ఒకటే. నేను పాస్ చేసిన క్యాను వేరు, సీసాల్లో పోసింది వేరు. ఎవరో మార్చేశారు. టర్పెంటైన్ కలిపారు. ముదలాళికి తెలిసే జరిగిందేమో, ప్రభాకర్ చేశాడేమో, నింపే షెడ్డులో ఎవరైనా చేశారేమో. ఒక్కొక్కరి మొహం గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కరినీ దొంగను చేశాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా!

పట్టీ ముంచాను. అన్నం సహించలేదు, అయినా డబ్బా తెరిచి మూసి వచ్చి మళ్ళీ చూశాను. యంత్రంలో పెట్టాను. నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి, దేవుడా ఇందులో కల్తీ దొరకాలి అని మొక్కుకున్నాను.

దొరకలేదు. చుక్క కల్తీ లేదు. నేను పాస్ చేసిన నూనె ఏదో అదే, అంతే స్వచ్ఛంగా ఉంది.

ఇంటికి వచ్చి పైకెళ్ళి వదిన ముందు కూర్చున్నాను. “గుడ్డ మీద వేసుకోమని చెప్పినాను గదా వదినా. పాపకి ఎందుకు రాసినావు?”

వదినకు అరవం చక్కగా చదవడం వచ్చు.

“నువ్వు నా తలనొప్పికి ఏం చేయాలో చెప్పినావు. పాప సళికి ఏం చేయాలో బుడ్డి మీద రాసి ఉండాది. తైలం అని ఉండాది. తైలాన్ని ఎట్ల వాడతారో అట్లే వాడితిని. అంగట్లో కొనిందైతే మూత తీసి వాసన జూసి, ఎవురినన్నా అడిగి ఉంటాను. నువ్వు ఇచ్చింది గదా, నువ్వే ఊరంతా అనుమానపడేదానివి, ఇంక నేను అనుమానపడేది యాడ ఉండాది?”

పిల్లలూ, మీరు ఈ ఉద్యోగంలోకి పోతున్నారు కాబట్టి చెబుతున్నాను, ఆ మాట మళ్ళీ ఒకసారి చదవండి. మనం అనుమానపడతామనే నమ్మకంతో జనం అనుమానపడడం మానేస్తారు. అందుకని మన అనుమానం సీసా లోపలి దగ్గర ఆగిపోకూడదు. మూత, గాజు, లేబుల్, ఆ సీసా పట్టుకునే చేయి, ఆ చేతికి అలవాటైన పని, అన్నీ మన పరీక్షలోకే వస్తాయి.

ముదలాళి అమ్మగారు

ఆ వారాంతానికి సరుకు లారీ ఎక్కాలి. అట్టపెట్టెలు షెడ్డులో గోడ ఎత్తుకు పేర్చి ఉన్నాయి. ప్రతి పెట్టెలోనూ తైలం అన్న మాటే. బయట వాన, ఊరంతా సళి. ఈ పెట్టెలు వెళ్ళిన ఇంటింటా ఒక వదిన ఉంటుంది, ఆవిడ ఒళ్ళో ఒక పాప ఉంటుంది. నాకు అదే కనపడుతోంది.

ముదలాళికి జరిగిందంతా చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. పాపకు ఎట్లా ఉందని అడిగారు, ఖర్చులు చూసుకుంటానన్నారు. కానీ లేబుల్ దగ్గరికి వచ్చేసరికి, “మీ వదిన తెలియక చేసింది గదమ్మా. అందురూ అట్ల చేస్తారా? వెనక రాసే ఉండాది గదా,” అన్నారు.

“అందురూ అట్లే చేస్తారు సార్.”

“నీకు అన్నిట్లో అనుమానం.”

“సరే సార్. మీ ఇంట్లోనే జూస్తాం.”

ఆయన ఇల్లు ఫ్యాక్టరీ వెనకే. వాళ్ళమ్మగారు చాలా పెద్దావిడ, చూపు బాగుంది, అరవం గడగడా చదువుతుంది. మేం పోయేసరికి ముదలాళి మనవణ్ణి ఒళ్ళో వేసుకుని ఊపుతోంది. పిల్లవాడికి ముక్కు కారుతోంది. నేను సంచిలోంచి కొత్త సీసా తీసి ఆవిడ చేతిలో పెట్టి, “అవ్వా, మన కంపెనీ కొత్త సరుకు,” అన్నాను. ఇంకొక్క మాట అనలేదు. ముదలాళి కూడా అనకూడదని ముందే ఒప్పించాను.

అవ్వ సీసాను కంటికి దగ్గరగా పెట్టుకుంది. “పైన్... తైలం,” అని చదివింది. “ఓ, తైలమా! మంచి పని చేసినావురా రంగా, పిల్లోడికి రాత్రంతా ఒకటే సళి.” వెనక్కి తిప్పనైనా లేదు. మూత తిప్పి, ఎడమ అరచేతిలోకి ఒంపుకుని, పిల్లవాడి చొక్కా పైకి లాగింది.

“అమ్మా!”

ముదలాళి అంత కేక వేయగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ లావు మనిషి ఎలా దూకారో, వాళ్ళమ్మ చేయి పట్టుకుని పక్కకు లాగేశారు. సీసా జారి నేల మీద దొర్లింది. పిల్లవాడు జడుసుకుని ఏడుపు లంకించుకున్నాడు. అవ్వ బిత్తరపోయింది. “ఏందిరా? ఏమైందిరా నీకు? తైలమే గదరా!”

ముదలాళి వాళ్ళమ్మ అరచేతిని తన పంచెతో తుడుస్తూనే ఉన్నారు. వదిన ఆసుపత్రిలో తుడుచుకున్నట్టే.

“నీళ్ళు సార్,” అన్నాను. “సీసా ఖాళీ చేసి, కడిగి, మంచినీళ్ళు పోసి తెచ్చినాను. పిల్లోడి దగ్గరికి నేను ఆ నూనె తెస్తానా?”

ఆయన నా వైపు చూసిన చూపులో కోపం ఉంది, సిగ్గు ఉంది, ఇంకేదో కూడా ఉంది. తర్వాత నేల మీద ఉన్న సీసా తీసి, లేబుల్‌ను గోటితో గీకడం మొదలుపెట్టారు.

లారీ ఖాళీగా పోయింది. లేబుళ్ళన్నీ పీకేశాం, ముదలాళి కూడా మాతో కూర్చుని పీకారు. కొత్త లేబుల్ మీద ‘పైన్ వాసన చుక్కలు’ అని వేశారు. దాని కిందే, వెనక కాదు, ముందే, లావు అరవ అక్షరాల్లో ‘ఒంటికి పూయకూడదు, పసిపిల్లల దగ్గర వద్దు’. అమ్మకం తగ్గిందా అని అడక్కండి, తగ్గింది. ప్రభాకర్ మొహం మాడ్చుకున్నాడు. తర్వాత అతనికి పాప పుట్టినప్పుడు మాత్రం లడ్డూలు పట్టుకుని మొట్టమొదట నా ల్యాబుకే వచ్చాడు.

మరక

ఇప్పుడు నేను రిటైరై ఇంట్లో ఉన్నాను. తలలో పూలు పెట్టుకుంటున్నాను, ముసలితనంలో సోకు అని వీధిలో నవ్వుకుంటారేమో, నవ్వుకోనీ. నిత్య నడుస్తోంది, పరుగెత్తుతోంది, మేడ మెట్ల మీద నా ప్రాణం తీస్తోంది. సుమతి సెలవులకు పాపను తీసుకుని వస్తుంటుంది. వదిన నాతో మామూలుగానే ఉంటుంది. ఒక్క విషయంలో తప్ప.

మొన్న శనివారం పాప తలంటుకని మిల్లులో నువ్వుల నూనె ఆడించి, సీసాలో పోసుకుని పైకి తీసుకెళ్ళాను. వదిన గుమ్మంలోనే ఆపింది.

“ఇది ఏంది?”

“నువ్వుల నూనె వదినా.”

“యాడిది?”

“మన మిల్లుదే. నా కండ్ల ముందర ఆడించింది.”

“ఏమన్నా కలిపినారా?”

“ఏం కలపలే.”

“పాపకి యాడ రాయాల? ఎంత రాయాల?”

చెప్పాను. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. ఆ లోకువ నాకు ఆ పూట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వదిన మూత తీసి వాసన చూసింది, కాస్త ఆగి మళ్ళీ చూసింది. తర్వాత పాత పేపరు ముక్క చింపి, ఒక చుక్క దాని మీద వేసి, పాపకు అందకుండా కిటికీలో పెట్టింది. ఎప్పుడో వంటింట్లో నేను చేసి చూపించిన పని అది. ఆవిడ అప్పుడు చూసిందని కూడా నాకు తెలియదు.

“సాయంత్రానికి జూస్తాం,” అంది. “మరక ఉంటే పాపకి రాస్తా. ఎగిరిపోతే నీ నెత్తిన పోస్తా.”

సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. మరక ఉంది.